ఉబ్బిన కెపాసిటర్, ఆగిన కంప్యూటర్

సూరత్ నుంచి ముంబై వైపు వెళ్లే రైలు మార్గంలో ఉధనా, భేస్తాన్ దాటాక వచ్చే స్టేషన్ సచిన్. క్రికెటర్‌కూ ఈ ఊరికీ సంబంధం లేదు. ఇది ఒకప్పుడు సిద్దీ నవాబులు ఏలిన చిన్న సంస్థానం. ఇప్పుడు ఇక్కడ ఉన్నది గుజరాత్ పారిశ్రామికాభివృద్ధి సంస్థ ఏర్పాటు చేసిన పెద్ద పారిశ్రామిక వాడ. మరమగ్గాల షెడ్లు, అద్దకం మిల్లులు, రసాయన కర్మాగారాలు పక్కపక్కనే ఉంటాయి. సూరత్ మగ్గాలకూ తెలుగువారికీ అనుబంధం పాతది. తెలంగాణ జిల్లాల నుంచి నేతపని కోసం వలస వెళ్లిన కుటుంబాలు అక్కడ తరాలుగా స్థిరపడ్డాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు కూడా నడుపుతోంది.

చీర అంచు మీద నెమలి ఎక్కడ రావాలో, ఏ పడుగు పోగు ఎప్పుడు పైకి లేవాలో ఎలక్ట్రానిక్ జకార్డు మగ్గానికి చెప్పేది ఒక డిజైన్ ఫైలు. దాన్ని తయారుచేసేది షెడ్డు మూలన ఉండే కంప్యూటర్. అది కొత్తదే అయి ఉండాలని లేదు. ఎప్పుడో కొన్న డిజైన్ సాఫ్ట్‌వేర్ విండోస్ ఎక్స్‌పీ మీద మాత్రమే నడిచేదైతే, దాని లైసెన్సు తాళం పాత ప్రింటర్ పోర్టుకు తగిలించే డాంగిల్ అయితే, యజమాని ఆ పాత పెట్టెను వదులుకోలేడు. కొత్త కంప్యూటర్లలో ఆ పోర్టే కనిపించదు. కొత్త సాఫ్ట్‌వేర్ కొనడమంటే చిన్న షెడ్డుకు పెద్ద ఖర్చు.

అలాంటి కంప్యూటర్ చెప్పాపెట్టకుండా చావదు. మొదట చలికాలం పొద్దున్నే మొండికేస్తుంది. బటన్ రెండు మూడు సార్లు నొక్కితే గానీ లేవదు. ఒకసారి వేడెక్కితే సాయంత్రం దాకా బాగానే నడుస్తుంది. కొన్ని వారాలకు పని మధ్యలో నీలి తెర వస్తుంది. ఆపైన ఒకరోజు ఫ్యాన్లు తిరుగుతాయి గానీ తెర మీద ఏమీ రాదు. సూరత్ మరమగ్గాల మీద కూలి సాధారణంగా నేసిన మీటర్ల లెక్కన ఉంటుంది. కొత్త డిజైన్ కోసం మగ్గం ఎదురుచూసినంతసేపూ కార్మికుడికి వచ్చేది సున్నా.

పెట్టె మూత తీసి చూస్తే దోషి చాలాసార్లు కంటికే కనిపిస్తుంది. ప్రాసెసర్ చుట్టూ వరుసగా నిలబడిన చిన్న లోహపు గొట్టాల్లో కొన్నింటి తల చదునుగా కాక పూరీలా ఉబ్బి ఉంటుంది. ఒకటి రెండింటి మీద గోధుమరంగు పొక్కు కట్టి ఉంటుంది. అవి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు. ఒక్కొక్కటి పది, ఇరవై రూపాయల వస్తువు.

ఫ్యాన్ కండెన్సర్‌కు దూరపు చుట్టం

కెపాసిటర్ మన ఇళ్లకు కొత్త కాదు. సీలింగ్ ఫ్యాన్ నెమ్మదించినప్పుడు ఎలక్ట్రీషియన్ వచ్చి మార్చే ‘కండెన్సర్’ అదే. విద్యుదావేశాన్ని కాసేపు దాచుకుని, అడిగిన వెంటనే తిరిగి ఇచ్చేయడం దాని స్వభావం. ఫ్యాన్‌లో ఉండేది సాధారణంగా 2.5 మైక్రోఫారడ్లది. మదర్‌బోర్డు మీద నిలబడి ఉన్నది 1,500 మైక్రోఫారడ్లది అనుకుందాం. అంటే 600 రెట్లు ఎక్కువ. అయినా అది చిటికెన వేలి కొసంత కూడా లావుండదు. ఇదెలా సాధ్యం?

ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం గుర్తున్నవారికి జవాబు సగం తెలుసు. రెండు లోహపు పలకల మధ్య విద్యుత్తు దాటలేని పొర ఉంటే కెపాసిటర్ తయారవుతుంది. పలకల వైశాల్యం పెరిగినకొద్దీ, మధ్యనున్న పొర పలచనైనకొద్దీ దాని సామర్థ్యం పెరుగుతుంది. ఫ్యాన్ కండెన్సర్‌లో ఆ పొర కొన్ని మైక్రోమీటర్ల మందమున్న ప్లాస్టిక్. మదర్‌బోర్డు కెపాసిటర్‌లో అది అల్యూమినియం మీద రసాయనికంగా పెంచిన ఆక్సైడ్. తయారీలో ఒక్కో వోల్టుకు సుమారు 1.3 నానోమీటర్ల చొప్పున ఆ పొర పెరుగుతుంది. 6.3 వోల్టుల కెపాసిటర్‌కు మొత్తం మందం పన్నెండు నానోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. తలవెంట్రుక మందంలో అది కొన్ని వేలవ వంతు.

ఇంత పలచటి పొరతో కూడా 1,500 మైక్రోఫారడ్లు రావాలంటే లెక్క ప్రకారం సుమారు 2,200 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం కావాలి. అది దినపత్రిక పేజీ కన్నా కాస్త పెద్దది. దాన్ని వేలి కొసంత డబ్బాలో పెట్టడానికి అల్యూమినియం రేకును ముందుగా ఆమ్లద్రావణంలో తినిపించి, స్పాంజిలా లెక్కలేనన్ని సూక్ష్మ రంధ్రాలు చేస్తారు. బయటికి చిన్న పట్టీలా కనిపించే రేకుకు అసలు ఉపరితలం పదుల రెట్లు పెరుగుతుంది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఇన్ని గుంతలున్న ఉపరితలానికి ఎదురుగా రెండో పలకను ఎలా అతికించాలి? గట్టి లోహం ఆ గుంతల్లోకి దిగదు. ద్రవం దిగుతుంది. అందుకే రేకుల మధ్య కాగితాన్ని పెట్టి, దాన్ని విద్యుద్వాహక ద్రావణంలో నానబెట్టి, చాపలా చుట్టి, డబ్బాలో పెట్టి, అడుగున రబ్బరు బిరడా బిగిస్తారు. నిజానికి ఇందులో రెండో పలక ఆ ద్రవమే. పోలెండ్ ఇంజనీరు కరోల్ పోలాక్ ఈ తరహా కెపాసిటర్‌కు 1897లో జర్మనీలో పేటెంటు పొందాడు. రూపం చాలా మారినా సూత్రం అదే.

ద్రవానికి ఇంకో గుణం ఉంది. ఆక్సైడ్ పొరలో ఎక్కడైనా చిల్లు పడితే, ద్రావణంలోని నీటి నుంచి ఆక్సిజన్ తీసుకుని అల్యూమినియం అక్కడ మళ్లీ పొర కట్టుకుంటుంది. తన గాయాన్ని తానే మాన్పుకునే భాగాలు ఎలక్ట్రానిక్స్‌లో అరుదు. కానీ వైద్యం చేసే ఈ నీరే శత్రువు కూడా. రక్షణ లేని అల్యూమినియం నీటితో కలిస్తే అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఏర్పడి, హైడ్రోజన్ వాయువు పుడుతుంది. మూసిన డబ్బాలో వాయువుకు దారి ఉండదు. డబ్బా తల మీద ప్లస్ గుర్తులాగానో, ఇంగ్లిష్ కె అక్షరంలాగానో కనిపించే గీతలు అలంకారం కాదు. లోపల ఒత్తిడి పెరిగితే డబ్బా పేలిపోకుండా అక్కడ చిట్లేలా ముందే బలహీనపరిచిన చోట్లు అవి. ఉబ్బిన తల అంటే లోపల వాయువు చేరిందని అర్థం.

బిందెలతో నింపే తొట్టి

కెపాసిటర్ ఒకటి పోతే కంప్యూటర్ మొత్తం ఎందుకు ఆగాలి? ప్రాసెసర్‌కు కావలసిన విద్యుత్తు విచిత్రమైనది. పవర్ సప్లయ్ నుంచి 12 వోల్టులు వస్తుంది. ఆ కాలపు ప్రాసెసర్‌కు కావలసింది 1.3 వోల్టుల చుట్టుపక్కల, కానీ 60 ఆంపియర్ల దాకా. ఇంట్లో ఏసీ లాగే విద్యుత్ ప్రవాహం కన్నా అది ఎన్నో రెట్లు ఎక్కువ. ఈ మార్పు చేయడానికి మదర్‌బోర్డు మీది ట్రాన్సిస్టర్లు సెకనుకు రెండు మూడు లక్షల సార్లు తెరుచుకుని మూసుకుంటూ 12 వోల్టుల విద్యుత్తును చిన్న చిన్న ముక్కలుగా పంపుతాయి.

తొట్టిలో బిందెలతో నీళ్లు పోస్తున్నా అడుగున ఉన్న కుళాయి నుంచి ధార ఒకేలా వస్తుంది. ముక్కలుగా వచ్చే విద్యుత్తుకు కెపాసిటర్ అలాంటి తొట్టి. పైగా ప్రాసెసర్ ఊరికే కూర్చున్న స్థితి నుంచి ఒక్కసారిగా పనిలోకి దిగినప్పుడు, ట్రాన్సిస్టర్లు తేరుకునేలోపు కావలసిన ఆవేశాన్ని ఇచ్చేది కూడా ఈ తొట్టే.

తొట్టి ఎంత పెద్దదన్నది ఒక్కటే చూస్తే చాలదు. కుళాయి మూతి ఎంత తెరిచి ఉందన్నదీ ముఖ్యం. కెపాసిటర్‌కు ఆ మూతి లాంటిది దాని అంతర్గత నిరోధం. మెకానిక్కులు దీన్ని ఈఎస్‌ఆర్ అంటారు. మంచి కెపాసిటర్‌లో ఇది పది మిల్లీఓమ్‌ల స్థాయిలో ఉంటుంది. అలాంటివి ఐదు సమాంతరంగా ఉంటే మొత్తం నిరోధం రెండు మిల్లీఓమ్‌లు. ప్రాసెసర్ ఒక్కసారిగా 20 ఆంపియర్లు అదనంగా లాగితే వోల్టేజి 40 మిల్లీవోల్టులు మాత్రమే పడిపోతుంది. ప్రాసెసర్ దాన్ని తట్టుకుంటుంది. ద్రవం ఎండి ఒక్కో కెపాసిటర్ నిరోధం వంద మిల్లీఓమ్‌లకు చేరిందనుకుందాం. అదే 20 ఆంపియర్లకు 400 మిల్లీవోల్టులు పడిపోతాయి. 1.3 వోల్టులు 0.9 అవుతుంది. ఆ క్షణంలో ప్రాసెసర్ చేస్తున్న కూడిక తప్పు కావచ్చు, మెమొరీ చిరునామా తప్పు కావచ్చు. తెర మీద మనకు కనిపించేది నీలి రంగు మాత్రమే. నింద సాఫ్ట్‌వేర్ మీద పడుతుంది, విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు, సమస్య అలాగే ఉంటుంది.

చలి పొద్దుల మొండితనానికి కారణమూ ఇదే. ద్రవం చల్లబడితే దానిలో అయాన్ల కదలిక మందగించి నిరోధం పెరుగుతుంది. వేడెక్కితే తగ్గుతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో కెపాసిటర్లను కాస్త వెచ్చబెట్టగానే లేచి కూర్చునే కంప్యూటర్ ఉంటే, రోగం ఏమిటో దాదాపు తేలిపోయినట్టే.

ఒక ద్రావణం చేసిన నష్టం

ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఎప్పటికైనా ఎండిపోతాయి. కానీ 1999 నుంచి 2007 మధ్య తయారైన కంప్యూటర్లలో అవి రెండు మూడేళ్లకే, కొన్నిసార్లు నెలల్లోనే పోవడం మొదలైంది. ఎలక్ట్రానిక్స్ చరిత్రలో దీనికి ‘కెపాసిటర్ ప్లేగు’ అనే పేరే స్థిరపడింది.

ప్రాసెసర్ల ఆకలి పెరుగుతున్నకొద్దీ తక్కువ నిరోధం ఉన్న కెపాసిటర్లు చవకగా కావలసి వచ్చాయి. ద్రావణంలో నీటి పాలు పెంచితే నిరోధం తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది. అయితే నీరు అల్యూమినియాన్ని తినకుండా ఆపే రసాయనాలు సరైన పాళ్లలో కలపాలి. ఈ విద్య జపాన్ కంపెనీలకు పట్టుబడింది. ఒక ఉద్యోగి ద్వారా ఆ సూత్రం బయటికి పొక్కిందనీ, అసంపూర్ణంగా చేరిన ఆ సూత్రంతో తైవాన్‌లో కొందరు కెపాసిటర్లు తయారుచేశారనీ 2002లో వాణిజ్య పత్రికల్లో కథనాలు వచ్చాయి. గూఢచర్యం కథ కాబట్టి అది బాగా ప్రచారమైంది. ఎవరు ఎవరికి ఇచ్చారన్నది కోర్టులో రుజువైన సంగతి కాదు. రసాయనశాస్త్రం వైపు మాత్రం ఆధారం ఉంది. చెడిపోయిన కెపాసిటర్లను విశ్లేషించిన క్రెయిగ్ హిల్‌మన్, నార్మన్ హెల్మోల్డ్, వాటి ద్రావణంలో ఉండవలసిన పదార్థాలు లేకపోవడమో చాలకపోవడమో గుర్తించి 2004లో ప్రకటించారు.

తైవాన్ కథతో అన్నిటినీ వివరించలేం. డెల్ కంపెనీ 2003 మే నుంచి 2005 జులై వరకు అమ్మిన ఆప్టిప్లెక్స్ కంప్యూటర్లలో చెడిన కెపాసిటర్లు నిచికాన్ అనే పేరున్న జపాన్ సంస్థవి. 2010లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టిన కోర్టు పత్రాల ప్రకారం, ఆ కాలంలో అమ్ముడైన అలాంటి కంప్యూటర్లు 1.18 కోట్లు. మరమ్మతుల కోసం డెల్ 2005లో 30 కోట్ల డాలర్లకు పైగా కేటాయించాల్సి వచ్చింది. ఆ పత్రాల్లో ఒక ముచ్చట ఉంది. టెక్సస్ విశ్వవిద్యాలయ గణిత విభాగం తమ కంప్యూటర్లు ఆగిపోతున్నాయని ఫిర్యాదు చేస్తే, కఠినమైన లెక్కలు చేయించి వాటిని అలసిపోయేలా చేశారని జవాబు వచ్చిందట. ఆపిల్ కూడా ఐమ్యాక్ జీ5 యజమానుల కోసం ఉచిత మరమ్మతు పథకం పెట్టక తప్పలేదు.

ఆ కాలపు కంప్యూటర్లే ఇప్పటికీ పాత సాఫ్ట్‌వేర్‌తో ముడిపడి అక్కడక్కడా మిగిలాయి. దోషం లేని కెపాసిటర్ ఉన్నవి కూడా వయసు వల్ల ఇప్పుడు అదే దారిలో ఉన్నాయి.

వయసు లెక్కకు ఒక మోటు సూత్రం ఉంది. కెపాసిటర్ ఒంటి మీద ‘105 డిగ్రీలు’ అని ముద్రించి ఉంటుంది. సాధారణ రకానికి ఆ వేడిలో 2,000 గంటల ఆయుష్షు ఉంటుందని తయారీదారు హామీ ఇస్తాడు. వేడి పది డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ ఆయుష్షు రెట్టింపవుతుంది. 65 డిగ్రీల్లో పనిచేస్తే నాలుగుసార్లు రెట్టింపై 32,000 గంటలు వస్తుంది. రోజుకు పది గంటల చొప్పున ఏడాదికి మూడు వందల రోజులు నడిస్తే అది పదేళ్లకు పైమాట. అదే కెపాసిటర్ 75 డిగ్రీల్లో నడిస్తే ఐదేళ్లే.

ఆ పది డిగ్రీల తేడా రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. మగ్గాల షెడ్డులో గాలినిండా పీచు దుమ్ము ఉంటుంది. ప్రాసెసర్ మీది హీట్‌సింక్ రెక్కల మధ్య అది దూదిలా పట్టేస్తుంది. గాలి ఆగుతుంది, కెపాసిటర్ కాలుతుంది. మూతి సన్నబడిన కెపాసిటర్ సొంతంగానూ వేడెక్కుతుంది. నిరోధం పది రెట్లయితే దానిలో పుట్టే వేడీ పది రెట్లవుతుంది, ఆ వేడికి ద్రవం ఇంకా ఎండుతుంది. చివరి దశలో అందుకే అంత తొందరగా చస్తుంది. నెలకోసారి దుమ్ము ఊదించడం ఈ మొత్తం వ్యాసంలో అన్నిటికన్నా చవకైన వైద్యం.

మార్చడం

ఎలక్ట్రానిక్స్ రిపేరు తెలిసినవారికి ఇది గంట, గంటన్నర పని. కానీ పొరపాట్లు జరిగే చోట్లు ఎక్కువ.

మొదటిది భద్రత. మదర్‌బోర్డు మీద ఉన్నవి తక్కువ వోల్టులు. విద్యుత్ తీగ పీకి, బటన్ కాసేపు నొక్కి ఉంచితే మిగిలిన ఆవేశం పోతుంది. పవర్ సప్లయ్ డబ్బా సంగతి వేరు. 230 వోల్టుల సరఫరాను నేరుగా మార్చుకునే ఆ డబ్బాలోని పెద్ద కెపాసిటర్లు 325 వోల్టుల దాకా దాచుకుంటాయి, తీగ పీకాక కూడా. అనుభవం లేనివారు దాని మూత తీయకూడదు.

రెండోది రోగనిర్ధారణ. ఉబ్బినవన్నీ పోయినవే. కానీ ఉబ్బనివన్నీ మంచివి కావు. వాయువు పుట్టకుండా మెల్లగా ఎండిపోయినవి చూడటానికి కొత్తవాటిలాగే ఉంటాయి. మామూలు మల్టీమీటర్‌తో మైక్రోఫారడ్లు కొలిస్తే ఒక్కోసారి సరిగానే చూపిస్తుంది, కారుతున్న కెపాసిటర్ అయితే ఎక్కువ కూడా చూపిస్తుంది. తొట్టి నిండుగానే ఉంది, మూతి మూసుకుపోయింది అన్నది ఆ మీటరుకు తెలియదు. అందుకు ఈఎస్‌ఆర్ మీటర్ కావాలి. ప్రాసెసర్ పక్కన ఉన్నవి సమాంతరంగా కలిసి ఉంటాయి కాబట్టి బోర్డు మీదనే కొలిస్తే ఒక చెడ్డదాన్ని నాలుగు మంచివి దాచేస్తాయి. వరుసలో ఒకటి పోతే, అదే బ్రాండు, అదే వయసున్న మిగతావన్నీ కలిపి మార్చడమే తెలివైన పని.

మూడోది కొత్తదాన్ని ఎంచడం. ఎక్కువ మరమ్మతులు విఫలమయ్యేది ఇక్కడే. దుకాణంలో ‘1,500 మైక్రోఫారడ్, 6.3 వోల్టు’ అని అడిగితే టీవీకో ఆంప్లిఫయర్‌కో సరిపోయే సాధారణ రకం చేతిలో పెడతారు. అంకెలు రెండూ సరిపోతాయి. కానీ దాని అంతర్గత నిరోధం చాలా రెట్లు ఎక్కువ. బోర్డులో పెట్టగానే కంప్యూటర్ లేస్తుంది, కొన్ని వారాలు నడుస్తుంది, మళ్లీ ఉబ్బుతుంది. మెకానిక్‌కు చెడ్డపేరు వస్తుంది. ‘లో ఈఎస్‌ఆర్’ లేదా ‘లో ఇంపెడెన్స్’ రకమే అడగాలి. దాని సీరీస్ పేరు చూసి తయారీదారు పట్టికలో నిరోధం, తట్టుకునే అలల ప్రవాహం పాతదానితో పోల్చాలి. వోల్టేజి పాతదానికి సమానంగానో కాస్త ఎక్కువగానో ఉండాలి, తక్కువ ఉండకూడదు. డబ్బా వ్యాసం, కాళ్ల మధ్య దూరం కూడా కొలుచుకోవాలి. హీట్‌సింక్ కింద ఒక మిల్లీమీటరు లావు ఎక్కువైనా పట్టదు.

పాతవాటిని పీకి కొత్త తొడుగు వేసి అమ్మే నకిలీలు మార్కెట్లో ఉన్నాయి. పేరున్న పంపిణీదారు దగ్గర కొంటే పది రూపాయలు ఎక్కువవుతాయేమో గానీ, ఆ పదికి ఆశపడి ఇంత పనీ రెండోసారి చేయడం దండగ.

ద్రవమే లేని పాలిమర్ కెపాసిటర్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. ద్రావణం బదులు విద్యుత్తును ప్రవహింపజేసే ఘన ప్లాస్టిక్ ఉండటం వల్ల అవి ఎండవు, ఉబ్బడం చాలా అరుదు. కొత్త మదర్‌బోర్డుల మీద తళతళలాడేవి ఎక్కువగా ఇవే. వాటి నిరోధం బాగా తక్కువ కాబట్టి తక్కువ మైక్రోఫారడ్లతోనే అదే పని చేస్తాయి. పాత బోర్డుల్లో కూడా చాలామంది వీటిని వాడుతున్నారు. అయితే కొన్ని పాత నియంత్రణ సర్క్యూట్లు కెపాసిటర్‌కు కొంత నిరోధం ఉంటుందన్న లెక్క మీదే స్థిరంగా నడుస్తాయి. మరీ తక్కువైతే వోల్టేజి ఊగిసలాడవచ్చు. మార్చాక కొలిచి చూసుకోవాలి.

ఇక టంకం. మదర్‌బోర్డు ఒక్క పొర కాదు. నాలుగో ఆరో రాగి పొరలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, కెపాసిటర్ రుణ కాలు భూ సంధానపు పెద్ద రాగి రేకుకు తగులుతుంది. సోల్డరింగ్ ఐరన్ పెట్టిన వేడిని ఆ రేకు పళ్లెంలా పరుచుకుని లాగేస్తుంది. రేడియో రిపేరు చేసే 25 వాట్ల ఐరన్‌తో సీసం కరగదు. విసుగుతో లాగితే రంధ్రం లోపలి రాగి పూత కాలుతో పాటు ఊడి వస్తుంది, లోపలి పొరల సంబంధం తెగుతుంది, బోర్డు నిజంగానే చస్తుంది. 60 వాట్లకు తక్కువ కాని ఐరన్, వెడల్పు మొన ఉండాలి. ఐరోపా సమాఖ్య నిబంధన 2006 జులై 1న అమల్లోకి వచ్చాక తయారైన బోర్డుల మీద ఎక్కువగా సీసం లేని టంకమే ఉంటుంది. పాతది 183 డిగ్రీల్లో కరిగితే ఇది 217 దాటితే గానీ కరగదు. దీనికి పాతకాపుల చిట్కా ఒకటుంది. పాత అతుకు మీద కొంచెం సీసం ఉన్న కొత్త టంకం కరిగిస్తే రెండూ కలిసి తక్కువ వేడికే మెత్తబడతాయి. అప్పుడు ఒక కాలు వేడిచేసి కొద్దిగా వంచి, తరవాత రెండో కాలు వేడిచేసి ఇటు వంచి, అటూ ఇటూ ఊపుతూ ఓపిగ్గా బయటికి తేవాలి.

మిగిలిన రంధ్రాన్ని తెరవడానికి డ్రిల్లు వాడకూడదు. టంకాన్ని పీల్చే రాగి జడతోనో, వేడిచేస్తూ వెదురు పుల్లతోనో తెరుచుకోవాలి. కారిన ద్రావణం బోర్డు మీద ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగాలి. లేకపోతే అది పక్కనున్న గీతలను తింటుంది. టంకం పొగ, సీసం చేతులు రెండూ ప్రమాదమే. కిటికీ తెరిచి ఉంచాలి, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కుని గానీ ఏమీ తినకూడదు.

అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు ధ్రువాలు తారుమారు చేయడం. వోల్టేజి తిరగబడితే ఆ పన్నెండు నానోమీటర్ల పొర కరిగిపోయి, కెపాసిటర్ నిమిషాల్లో, ఒక్కోసారి సెకన్లలో పేలుతుంది. కెపాసిటర్ మీది చార రుణ కాలుకు గుర్తు. బోర్డు మీద అర్ధచంద్రంగా రంగు వేసిన వైపు సాధారణంగా రుణం. కొన్ని బోర్డుల మీద మాత్రం అది ధనం వైపు ఉంటుంది. అందుకే పాతది పీకకముందే ఫోనుతో నాలుగు ఫొటోలు తీసుకోవాలి. గుర్తును నమ్మకుండా ఫొటోను నమ్మాలి.

ఈ తిప్పలన్నీ పడటం దేనికి, కొత్తది కొంటే సరిపోదా అనేవారికి డిజైన్ సాఫ్ట్‌వేర్ ధర ఒక జవాబు. రెండోది చెత్త. ఐక్యరాజ్యసమితి నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ వ్యర్థాలు 6.2 కోట్ల టన్నులు. అందులో పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధిచేసినట్టు నమోదైంది 22.3 శాతమే. మన దేశంలో కొత్త ఈ-వ్యర్థాల నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి, మరమ్మతు హక్కు కోసం కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ఒక పోర్టల్ కూడా తెరిచింది. అయితే అక్కడ దొరికేది ఎక్కువగా కంపెనీలు ఇచ్చే వివరాలు. ఇరవై ఏళ్ల కిందటి మదర్‌బోర్డుకు దిక్కు ఇప్పటికీ సోల్డరింగ్ ఐరన్ పట్టడం తెలిసిన మనిషే.

అన్ని మార్చాక మొదటిసారి కంప్యూటర్‌ను హార్డ్ డిస్కు తగిలించకుండా లేపడం మంచిది. ప్రాసెసర్ వోల్టేజి స్థిరంగా ఉందో లేదో మీటరుతో చూసి, మెమొరీ పరీక్ష ప్రోగ్రాము ఒక రాత్రంతా నడపాలి. పొద్దున్నకు ఒక్క తప్పు కూడా లేకపోతే డిస్కు తగిలించవచ్చు. తగిలించాక నెమలి డిజైన్ తెరవకముందే చేయాల్సిన పని ఒకటుంది: ఫైళ్లన్నీ ఇంకో చోటికి కాపీ చేయడం. ఆ హార్డ్ డిస్కు వయసు కూడా ఉబ్బిన కెపాసిటర్ల వయసే.